చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మడం ఆపేస్తే మొండి బ్యాక్టీరియా ఆగుతుందా?

ఎంవీపీ కాలనీ (చర్చ మొదలుపెట్టినవారు)
మా అమ్మకి 71 ఏళ్లు. తుంటి ఎముక విరిగితే ఇక్కడ విశాఖలోనే ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించాం. తొమ్మిదో రోజు చలి జ్వరం పట్టుకుంది. యూరిన్ కల్చర్ రిపోర్టులో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా ఉందని రాసి, మందుల పేర్ల పక్కన వరసగా అన్నీ ‘ఆర్’లే, అంటే ఆ మందులకి అది లొంగదట. కొలిస్టిన్ ఒక్కటే పనిచేస్తుందట, అది కిడ్నీలకి మంచిది కాదట. చూడ్డానికి వచ్చిన బంధువులేమో "ఇష్టమొచ్చినట్టు మాత్రలు మింగితే ఇంతే" అంటున్నారు. మా అమ్మ జ్వరమొస్తే మిరియాల కషాయం తాగి పడుకునే మనిషి. యాంటీబయాటిక్ వేసుకోగా నేను చూసిందే లేదు. ఊరంతా మింగిన మాత్రలకి ఆవిడ ఎందుకు అనుభవించాలి? మెడికల్ షాపుల్లో చీటీ లేకుండా ఇవి అమ్మడం పూర్తిగా ఆపించాలి. మీరేమంటారు?

గాజువాక ఫార్మసిస్ట్
అమ్మగారు త్వరగా కోలుకోవాలి. మా వైపు తప్పు లేదని అనను. సెఫిక్సిమ్, సెఫ్‌పొడాక్సిమ్ లాంటి యాంటీబయాటిక్‌లు 2014 నుంచి షెడ్యూల్ హెచ్1లో, అంటే చీటీ చూసే అమ్మాల్సిన మందుల జాబితాలో ఉన్నాయి. డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. కానీ షిఫ్టు దిగి వచ్చిన మనిషి "రెండు అజిత్రో ఇయ్యండి, పొద్దున్నే డ్యూటీకెళ్లాలి" అంటే లేదన్న రోజు పక్క షాపుకి పోతాడు. డాక్టరుకి ఫీజు, టెస్టులకి డబ్బు, పైగా ఒక రోజు కూలి. ఆ లెక్క మార్చకుండా మమ్మల్ని మాత్రమే పట్టుకుంటే ఏం లాభం?

పాడేరు టీచర్
పూర్తిగా ఆపేయమనడం కొండ మీద బతికేవాళ్లకి భయం వేసే మాట అండీ. వానాకాలంలో డోలీ కట్టి రోగిని రోడ్డు దాకా మోసుకొచ్చే ఊళ్లున్నాయి మాకు. నిమోనియా వచ్చిన పసిబిడ్డకి వేళకి అమోక్సిసిలిన్ పడకపోతే ఏమవుతుందో చూసినవాళ్లం. మందు ఎక్కువై వచ్చే చావు ఒకటుంటే, మందు అందక వచ్చే చావు ఇంకోటుంది. ముందు ప్రతి ఊరికీ ఏఎన్ఎం, ఆవిడ చేతిలో మందు ఉండాలి. చీటీ కట్టుబాటు ఆ తర్వాత.

రాత్రి డ్యూటీ నర్సు
పదహారేళ్లుగా ఐసీయూలో పనిచేస్తున్నాను. ఎంవీపీ అన్నయ్య గారూ, మీ అమ్మగారికి అది షాపు నుంచి రాలేదు. మాలాంటివాళ్ల చేతుల మీదుగా వచ్చి ఉండొచ్చు. ఇది రాయడానికి నాకు కష్టంగానే ఉంది. గ్లౌజులు ఉన్నాయి కదా అని అవే గ్లౌజులతో ఇద్దరు ముగ్గురు రోగుల్ని ముట్టుకుంటారు. యూరిన్ బ్యాగు నేలకి ఆనుతూ ఉంటుంది. మనుషులు తక్కువ, మంచాలు ఎక్కువ అయిన రాత్రి చేతులు కడుక్కోవడమే మొదట తప్పిపోతుంది. అమ్మగారికి యూరిన్ పైపు ఇంకా ఉందా? ఉంటే అది ఇంకా అవసరమా అని రోజూ అడగండి. అడగడం మీ హక్కు.

మైక్రోబయాలజీ ల్యాబ్
శరీరం మందుకి అలవాటు పడుతుందని చాలామంది అనుకుంటారు. మారేది శరీరం కాదు, బ్యాక్టీరియా. కోట్లలో ఏ ఒక్కదానిలోనో జన్యువు మారి ఉంటుంది. మందు పడగానే మిగతావి చస్తాయి, దానికి చోటూ తిండీ దొరుకుతాయి. అన్నీ అనుకూలిస్తే ఇ.కోలై అనే బ్యాక్టీరియా 20 నిమిషాలకి ఒకటి రెండవుతుంది.

ఇంతకంటే నాకు టెన్షన్ పెట్టేది ప్లాస్మిడ్. అది గుండ్రంగా ఉండే చిన్న డీఎన్ఏ ముక్క. ఒక బ్యాక్టీరియా పక్కదానికి అతుక్కుని దాని నకలు ఇచ్చేస్తుంది, పక్కది వేరే జాతిదైనా సరే. ఒకే ప్లాస్మిడ్ మీద చాలా మందుల్ని తట్టుకునే జన్యువులు కలిసి ఉండొచ్చు. మీ రిపోర్టులో వరసగా ‘ఆర్’లు రావడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

అందుకే మాత్ర ఎరగని మనిషిలోనూ ఇవి చేరతాయి. 2011లో ప్రచురించిన పరిశోధనలో ఢిల్లీ వీధుల్లో నిలిచిన నీటి నమూనాలు 171 పరీక్షిస్తే 51లో, కుళాయి నీటి నమూనాలు 50 పరీక్షిస్తే 2లో ఎన్‌డీఎం-1 జన్యువు దొరికింది. కార్బపెనెమ్ అనే పెద్ద మందుల్ని కూడా విరగ్గొట్టే ఎంజైమ్‌ని తయారుచేసే జన్యువు అది. మన గెడ్డల్లోకి ఇళ్ల మురుగు పోతూనే ఉంది, విశాఖకి ఆ బెడద లేదని నేను అనుకోను.

ఈ మొండి బ్యాక్టీరియా పేగుల్లో ఉన్నంతసేపు నెలల తరబడి ఏ జబ్బూ చేయకుండా ఉండగలవు. యూరిన్ పైపు దారి చూపిస్తుంది. పైపు లోపల జిగురు పొరలా పేరుకుంటాయి, ఆ పొరలోకి మందు సరిగా దిగదు. మొండిదైనంత మాత్రాన విషం ఎక్కువని కాదు. మొదట ఇచ్చిన మందు పనిచేయక రెండు రోజులు పోతాయి, ఆలోగా ఇన్ఫెక్షన్ రక్తంలోకి ఎక్కుతుంది. పెద్దవయసువాళ్లకి ఆ రెండు రోజులే ప్రాణం మీదికి తెస్తాయి.

భీమిలి రొయ్యల రైతు
మనుషుల మందుల గురించే మాట్లాడుతున్నారు. కొలిస్టిన్‌ని కోళ్లకీ, చేపలకీ వాడకూడదని కేంద్రం 2019లో నిషేధించింది. అమ్మగారికి మిగిలిన ఒక్క మందూ అదే కదా! అంతకుముందు దాణాలో ఎంత పోసి ఉంటారు? మా ఎగుమతి సరుకులో క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ ఆనవాలు దొరికితే కంటైనరే వెనక్కి వస్తుంది, ఆ భయంతో మేం జాగ్రత్తగా ఉంటాం. మన సంతలో అమ్మే కోడికి అలాంటి పరీక్ష ఎందుకు ఉండకూడదు?

ఎంవీపీ కాలనీ
అందరికీ నమస్కారం. నర్సమ్మ గారూ, మీరు రాసింది చదివి నిన్న పొద్దున డాక్టరు గారిని పైపు గురించి అడిగాను. చూసి, అవసరం లేదని తీసేశారు. జ్వరం తగ్గుముఖం పట్టింది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కొంచెం పెరిగిందని రోజూ చూస్తున్నారు.

పాడేరు మాస్టారూ, ‘పూర్తిగా’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఫార్మసిస్టు గారితో మాత్రం ఏకీభవించలేను. పక్క షాపువాడు ఇస్తాడు కాబట్టి నేనూ ఇస్తాను అంటే ఆ మాట ప్రతి షాపూ అంటుంది. ల్యాబ్ వారిని ఒకటి అడగాలి: అమ్మ ఇంటికొచ్చాక ఆ బ్యాక్టీరియా ఇంకా పేగుల్లో ఉంటుందంటున్నారు కదా, ఇంట్లో మూడేళ్ల మనవరాలు ఉంది. బాత్రూమ్ విడిగా పెట్టాలా, చేతులు సబ్బుతో కడిగితే సరిపోతుందా?

మైక్రోబయాలజీ ల్యాబ్
ఆరోగ్యంగా ఉన్న పిల్లకి ముప్పు తక్కువండీ. దొడ్డికి వెళ్లొచ్చాకా, వంటకి ముందూ సబ్బుతో కడుక్కోండి, తువ్వాలు వేరుగా ఉంచండి. అమ్మగారి నుంచి పాపని దూరం పెట్టొద్దు. మళ్లీ ఎప్పుడైనా ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే ఈ రిపోర్టు మొదటి రోజే చూపించండి.