కాళ్లకు బురద ఉంటే స్టింట్ పిట్టలను గుర్తుపట్టడం ఎలా?

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట, నీళ్లు వెనక్కి తగ్గాక బయటపడే బురదలో పిచ్చుకంత ఉల్లంకి పిట్టలు (స్టింట్‌లు) మేస్తున్నాయి. జనవరి, ఉదయం 7 గంటలు, 8×42 బైనాక్యులర్, దూరం సుమారు 40 మీటర్లు. లిటిల్ స్టింటా, టెమ్మింక్స్ స్టింటా అన్నది తేలడం లేదు.

కాళ్లు నల్లగా ఉంటే లిటిల్, పసుపుపచ్చగా ఉంటే టెమ్మింక్స్ అని తెలుసు. కానీ కాళ్లనిండా బురదే! రొమ్ము రంగు చూద్దామంటే ఎదురెండ, పైగా వంగి మేస్తూనే ఉంటాయి. ఫొటో ఇస్తే యాప్ ఒకసారి ఇదంటుంది, ఒకసారి అదంటుంది. ఎగిరినప్పుడు తోక అంచులు తెల్లగా కనిపిస్తే టెమ్మింక్సే. అయితే అంత దూరం నుంచి వలస వచ్చి మేస్తున్నవాటిని బెదరగొట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు.

కాళ్ల రంగు తెలియనప్పుడు, నేల మీద ఉండగానే ఈ రెండింటినీ వేరు చేయడానికి మీరు ముందు ఏం చూస్తారు?