షెడ్డులో రంగు కొట్టించిన కారు మన కారేనా?

రాయగడ_ఇరవైనాలుగు:
అందరికీ నమస్కారం. ఒక తగువు తీర్చాలి.

జపాన్ కిట్ల కంపెనీ తమియా వాళ్ల ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ప్లాస్టిక్ మోడల్ కట్టాను, 1966 నాటి 1300 మోడల్. 1/24 స్కేలు, అంటే అసలు కారులో ఇరవైనాలుగో వంతు. సీట్లు, డాష్‌బోర్డు, చక్రాలు, అడుగు భాగం అన్నీ నా చేతి పనే. బాడీ దగ్గరే గొడవ వచ్చింది. జులైలో మా రాయగడ వాన సంగతి తెలుసుగా. నాలుగు రోజులు ఆగి, ఓ సాయంత్రం తెరిపి ఇస్తే డాబా ఎక్కి స్ప్రే డబ్బాతో ల్యాకర్, అదే త్వరగా ఆరే రంగు, కొట్టాను. పది నిమిషాల్లో పైకప్పంతా పాలు ఒలికినట్టు తెల్లబడింది. ఏడుపొక్కటే తక్కువ. బాడీని బ్రేక్ ఆయిల్లో రెండు రోజులు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది రంగంతా ఊడదీశాను.

మా వీధి చివర డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు ఉంది. అక్కడి పెయింటర్‌ని చిన్నప్పటి నుంచి బాబాయ్ అనే పిలుస్తాను. చూపిస్తే నవ్వి, ముందు ప్రైమర్ కొట్టి, ఏదో కారుకు కలపగా మిగిలిన రెండు డబ్బాల రంగు కలిపి వేసి, పైన హార్డ్‌నర్ (గట్టిపరిచే మందు) కలిపిన క్లియర్, అంటే రంగులేని మెరుపు పూత, కొట్టాడు. డబ్బులు తీసుకోలేదు, టీ మాత్రం తాగాడు. ఆ మెరుపు చూస్తే నాకే నమ్మబుద్ధి కాలేదు.

పోయిన నెల కాలనీ వినాయక చవితి పందిట్లో పిల్లల బొమ్మలు, డ్రాయింగులు పెట్టారు. నేనూ బీటిల్‌ని పెట్టి ‘తయారీ’ అని నా పేరు రాశాను. మా బావమరిది నలుగురిలో ‘రంగు వేరేవాడిది, పేరు నీదా? అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది’ అన్నాడు. అప్పటి నుంచి ఆ కారు చూస్తే ఆ మాటే గుర్తొస్తోంది. మీరు చెప్పండి, అది నా కారేనా?

జయపురం_మేష్టారు:
బాబూ, మీ బావమరిది మాట కటువుగా ఉంది కానీ అందులో తప్పు లేదు.

యుద్ధ ట్యాంకు మోడల్ కట్టేవాడికి కొంత వెసులుబాటు ఉంటుంది. అతుకు సరిగ్గా కుదరకపోతే దాని మీద బురద పూస్తాడు, తుప్పు పూస్తాడు, అది పనితనం కిందే లెక్క. కారుకు ఆ దారి లేదు. చూసేవాడు మొదట చూసేది బాడీ, దాని మెరుపు. ఒక్క దుమ్ము కణం పడినా కనిపిస్తుంది. అలాంటి పనిని ఇంకొకరి చేతికి ఇచ్చి, సీటు కింద స్ప్రింగు నేనే అతికించాను అంటే ఎలా?

ఇంటర్నేషనల్ ప్లాస్టిక్ మోడలర్స్ సొసైటీ అని ఒకటుంది, 1963లో బ్రిటన్‌లో మొదలైంది. దాని అమెరికా శాఖ పోటీల్లో మోడల్ మీద పనంతా పోటీకి తెచ్చినవాడిదే అయి ఉండాలి. మన పందిరి పోటీ కాదు, ఒప్పుకుంటాను. అల్మారాలో పెట్టుకుంటే ఎవరూ అడగరు. పేరు రాసి నలుగురిలో పెడితే అడుగుతారు.

గుణుపురం_చిన్నోడు:
మేష్టారూ, ఆ లెక్కన ఏ కారూ ఎవరిదీ కాదు. అచ్చు పోసింది జపాన్‌లోని కంపెనీ. డెకల్స్, అదే అంటించే గుర్తులు, అచ్చేసిందీ వాళ్లే. టైరు రబ్బరూ మనం చేసింది కాదు. స్ప్రే డబ్బాలో రంగు కలిపింది కూడా మనం కాదు కదా. అన్నయ్య చేసిన తప్పల్లా నాజిల్ నొక్కకపోవడమా?

పైగా కంప్రెసర్, ఎయిర్‌బ్రష్ (పెన్ను లాంటి చిన్న స్ప్రే గన్ను) కొనాలంటే నాలాంటి డిగ్రీ స్టూడెంట్‌కి కిట్ల డబ్బు మొత్తం దానికే పోతుంది. షెడ్డు పక్కనే ఉన్నప్పుడు వాడుకుంటే నేరమా?

జయపురం_మేష్టారు:
బియ్యం నువ్వు పండించలేదని వంట నీది కాకుండా పోదు నాయనా. వంటవాణ్ని పెట్టి వండించి, నా వంట రుచి చూడండి అంటేనే తేడా. నాజిల్ నొక్కడం తేలికైతే వీళ్ల బీటిల్ మొదటిసారి తెల్లబడేది కాదు.

బరంపురం_బ్రష్:
ఎవరి కారన్నది మీరూ మీరూ తేల్చుకోండి. తమ్ముడూ, నా బాధ వేరే. ఆ రంగు ఊడదీయాల్సిన పనే లేదు!

జరిగింది ఇది. ల్యాకర్‌లోని ద్రావకం చాలా వేగంగా ఆవిరవుతుంది. ఆవిరయ్యేటప్పుడు ప్లాస్టిక్ పైభాగం చల్లబడుతుంది. వానాకాలం గాలిలో తేమ మెండుగా ఉంటుంది, అది ఆ చల్లటి పొర మీద చేరి రంగులోనే చిక్కుకుంటుంది. చల్లటి మజ్జిగ గ్లాసు బయట నీటి బొట్లు పట్టినట్టే. సముద్రం పక్కన బతికే మా బరంపురం వాళ్లకు ఇది ఏడాదిలో సగం రోజుల గోల. ఎండ కాసిన పొడి రోజు మధ్యాహ్నం, నెమ్మదిగా ఆరే రిటార్డర్ ఉన్న థిన్నర్‌ని పలచగా ఒక్క పొర కొడితే పైరంగు కాస్త కరిగి లోపలి తేమ బయటికి పోతుంది. చాలాసార్లు తెలుపు మాయమవుతుంది. మోడల్ రంగుల బ్రాండు మిస్టర్ కలర్ వాళ్ల లెవెలింగ్ థిన్నర్ ఇలాంటి పనికే వాడతారు.

ఇక షెడ్డు రంగు. మెరిసింది సరే, లెక్క వెయ్యి. అసలు కారు మీద ప్రైమర్, రంగు, క్లియర్ అన్నీ కలిపి మందం దాదాపు 100 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు. నీ బీటిల్ మీదా అంతే మందం పడిందనుకో, 24తో గుణిస్తే అసలు కారు మీద దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల రంగు పూసినట్టు. తలుపుకీ బాడీకీ మధ్య సందు అసలు కారులో నాలుగైదు మిల్లీమీటర్లు ఉంటే, 1/24లో 0.2 మిల్లీమీటర్లు. కిట్‌లో ఆ గాడిని కాస్త వెడల్పుగానే తీస్తారు, అయినా రెండు వైపుల నుంచీ రంగు కమ్ముకొస్తే ఏం మిగులుతుంది? షెడ్డు గన్ను నాజిల్ 1.3, 1.4 మిల్లీమీటర్లు. మనం వాడే ఎయిర్‌బ్రష్‌ది 0.3. బిందెతో టీ గ్లాసు నింపినట్టు.

నీది మెటాలిక్ రంగు కాదు కాబట్టి బతికిపోయావు. అదే అయితే అందులోని మెరుపు రేకులు ఈ స్కేల్లో చిల్లర పైసలంత కనిపించేవి.

నేను చదును బ్రష్‌తో ఎనామెల్ వేస్తాను. హంబ్రోల్ కంపెనీ చిన్న డబ్బా, 14 మిల్లీలీటర్లు. పలచని పొరలు వేసి, ఒక్కోటి పూర్తిగా ఆరనిచ్చి, 2000 నంబరు వాటర్ పేపర్‌తో (బాగా నున్నటి గరుకు కాగితం) తడిగా రుద్ది, చివర పాలిష్. ఒక్క బాడీకి నెల పడుతుంది. మా ఆవిడ దాన్ని ఇంకా పిండివంట అనే అంటుంది. తొందరున్నవాళ్లకు ఇది పనికిరాదు.

రాయగడ_ఇరవైనాలుగు:
అన్నా, గాడి మాట నిజమే. తలుపు గీత ఒక పక్క దాదాపు పూడిపోయింది, నల్ల రంగు పారించినా నిలవట్లేదు. అంతకంటే ఘోరం, పక్కన ఉబ్బెత్తుగా ఉండాల్సిన క్రోమ్ పట్టీ క్లియర్ కింద మునిగిపోయింది. దాని మీద మెటల్ ఫాయిల్ అంటించి అంచు కోద్దామంటే బ్లేడుకు అంచే దొరకట్లేదు. పందిట్లో ఎవరూ గమనించలేదు. నేను గమనించాను.

గుణుపురం_చిన్నోడు:
అన్నయ్యా, వచ్చే నెల విశాఖ వెళ్తున్నాను. మీకు మంచి మోడల్ స్ప్రే డబ్బాలు నాలుగు కొని సమతా ఎక్స్‌ప్రెస్‌లో తెచ్చేస్తాను. షెడ్డు గోలే ఉండదు.

బరంపురం_బ్రష్:
ఒరేయ్, రైల్లో వద్దు. ఆ డబ్బాల్లో ఉండేది మండే గ్యాసు. రైల్వే చట్టం 164వ సెక్షన్ ప్రకారం అలాంటివి రైల్లో తీసుకెళ్తే మూడేళ్ల దాకా జైలు. విమానంలోనూ పంపరు, రోడ్డు మార్గంలో పార్సిల్ పంపే దుకాణం చూసుకోండి. డబ్బా కోసం జైలుకెళ్లకు.

పర్లాకిమిడి_షెడ్డు:
నేను మోడళ్లు కట్టను, మా తమ్ముడు కడతాడు, వాడి ఫోన్లో ఇది చూశాను. మా నాన్నది కూడా పెయింటింగ్ షెడ్డే. ముప్పై ఏళ్లుగా అదే పని.

మేష్టారు గారూ, మీరు వయసులో పెద్దవారు, ఏమీ అనుకోకండి. ఇంతసేపు మీరంతా మాట్లాడింది ఆ కారు ఆయనదా కాదా అని. ఆ రంగు వేసినాయన ఎవరని ఒక్కరూ అడగలేదు. వంటవాడు అన్నారు, గన్ను అన్నారు, బిందె అన్నారు. బస్సు, లారీ మీద రంగు కొట్టిన చేత్తో అరచేతిలో పట్టే బాడీ మీద కారకుండా కొట్టడం మాటలు కాదు. మా నాన్న ఒకసారి తమ్ముడి బాడీకి కొట్టబోతే గన్ను గాలికే అది ఎగిరిపోయి గోడకు తగిలింది. తర్వాత లోపల చెక్క ముక్క దూర్చి, టేపు వేసి, దూరం నుంచి ఒక్క విసురు విసిరాడు.

ఇంకోటి. హార్డ్‌నర్ కలిపిన క్లియర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. ఊపిరితిత్తులకు అవి మంచివి కావు, ఆస్తమా తెస్తాయి. గుడ్డ కట్టుకుంటే ఆగవు. టీ తాగి కొట్టిన ఆ పావుగంట పనిలో ఆయన పీల్చింది కూడా ఉంది. అట్ట మీద ఆయన పేరు రాయడానికి ఎంత చోటు కావాలి?

జయపురం_మేష్టారు:
బాబూ, నువ్వు చెప్పింది నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను. అయితే ఇది నా మాటనే బలపరుస్తోంది చూడు. పని ఇంకొకరిది కనుకే పేరు రాయాలి.

గుణుపురం_చిన్నోడు:
పేరు రాస్తే ఇద్దరిదీ అవుతుంది కదా మేష్టారూ, ఒకరిది కాకుండా ఎందుకు పోతుంది? పూరీలో రథాలు చూడండి. వడ్రంగం మహారాణాలది, రంగులు చిత్రకారులది, గుడ్డలు దర్జీలది, ఇనుప పని కమ్మరులది. జగన్నాథుడి నందిఘోషకు పదహారు చక్రాలుంటాయి, అవి ఏ ఒక్కడివని చెప్తాం?

జయపురం_మేష్టారు:
అక్కడ ఎవరూ ‘తయారీ’ అని ఒక్క పేరు రాసి పెట్టుకోరు. ఎవరి వంతు ఏమిటో అందరికీ తెలుసు. నేను అడిగేదీ అదే. ఇద్దరిదని రాస్తే నాకు పేచీ లేదు. పోటీకి మాత్రం పెట్టొద్దు, ఆ మాట మీదే ఉంటాను.

బరంపురం_బ్రష్:
రథం పోలిక బాగుంది కానీ రథానికి ఏటా కొత్త కలప తెస్తారు. మన తమ్ముడికి ఉన్నది ఒక్కటే బాడీ. గాడి సంగతి ఎవరూ పట్టించుకోవట్లేదు! కొట్టించే ముందే గీతలన్నీ స్క్రైబర్‌తో, అదే గీతలు చెక్కే సూది పనిముట్టుతో, ఇంకాస్త లోతు చేసుకోవాలి. అది మాత్రం పెయింటర్ తప్పు కాదు, నీ తప్పు.

రాయగడ_ఇరవైనాలుగు:
ఇవాళ సాయంత్రం కారు పట్టుకుని షెడ్డుకు వెళ్లాను. బాబాయ్, అట్ట మీద నీ పేరు కూడా రాస్తాను అన్నాను. ఆయన ‘పేరెందుకురా, రంగు నంబరు రాయి. రేపు ఇంకెవడైనా ఇదే కావాలంటే?’ అన్నాడు. నంబరెంత అంటే లేదు, రెండు డబ్బాల అడుగున మిగిలింది కలిపాడు కదా. కాసేపు ఇద్దరం నవ్వుకున్నాం.

తర్వాత కళ్లద్దాలు పెట్టుకుని కారును తిప్పి తిప్పి చూశాడు. మునిగిన పట్టీ మీద గోరు పెట్టి, ఇక్కడ ఏమైనా ఉండాలా అని అడిగాడు. అసలు బీటిల్ ఫోటో చూపించాను. అంతే, ఆయన ముఖం మారిపోయింది. ముందే చెప్పొద్దా అని నా మీద గట్టిగానే అరిచాడు.

మళ్లీ ఊడదీసి తెమ్మన్నాడు. పట్టీ దగ్గర పలచన చేసి కొడతాడట. కానీ ఈ హార్డ్‌నర్ క్లియర్ బ్రేక్ ఆయిల్‌కు లొంగుతుందా? ప్లాస్టిక్ దెబ్బతినకుండా దీన్ని ఎవరైనా ఊడదీసి ఉంటే చెప్పండి. ప్రైమర్ అయితే ఈసారి నా చేత కొట్టిస్తాడట, మాస్కు తెచ్చుకోమన్నాడు.

పర్లాకిమిడి_షెడ్డు:
ఆయనకు కూడా ఒకటి కొనండి అన్నా. గుడ్డది కాదు, గాలి వడకట్టే కార్ట్రిడ్జ్‌లు మార్చేది.