అప్‌డేట్: గురుగ్రహపు మూడు చంద్రులు వరుస కడతాయా?

గురుగ్రహం నుంచి చూస్తే అయో, యూరోపా, గానిమీడ్ ఎప్పుడైనా ఒకే దిక్కున వరుస కడతాయా అని ఇంతకుముందు అడిగాను. మీరు సూచించినట్లే లెక్క వేశాను, కట్టవు. ఒక్కో చుట్టుకు అయోకు 1.77, యూరోపాకు 3.55, గానిమీడ్‌కు 7.15 రోజులు పడుతుంది కనుక, గానిమీడ్ ఒకసారి తిరిగే వేళకు యూరోపా సుమారు రెండుసార్లు, అయో నాలుగుసార్లు తిరుగుతాయి. పైగా యూరోపా, గానిమీడ్ ఒకే దిక్కున కలిసిన ప్రతిసారీ అయో వాటికి సరిగ్గా ఎదురువైపున ఉంటుంది. నాలుగో పెద్ద చంద్రుడైన కాలిస్టోకు ఈ కట్టుబాటు లేదు.

చిన్న టెలిస్కోపులో ఈ మూడు చుక్కలూ ఒకే పక్కన కనిపించే రాత్రులు లేకపోలేదు, అయితే మనం ఆ కక్ష్యలను దాదాపు అంచువైపు నుంచి చూస్తున్నందున, ఏది ముందుందో ఏది వెనుకుందో కంటికి తెలియదు. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం, ఈ లయ వల్లనే అయో కక్ష్య పూర్తి వృత్తం కాలేకపోవడం, దాంతో గురుగ్రహపు ఆకర్షణ మారుతూ అయోను సాగదీసి నలపడం వల్ల దాని లోపలి భాగం వేడెక్కడం. 1979లో వాయేజర్ 1 వ్యోమనౌక అక్కడ చూసిన అగ్నిపర్వతాలకు మూలం అదే.