‘ఐ నో నాట్’ అని రాస్తే తప్పేనా?

వెన్నెల_అమ్మ
మా అమ్మాయి ఎనిమిదో తరగతి. యూనిట్ టెస్టులో లెటర్ రైటింగ్ ఇచ్చారు, సాయం చేసిన స్నేహితురాలికి థాంక్స్ చెప్పాలి. మొదటి వాక్యం ‘ఐ నో నాట్ హౌ టు థాంక్ యూ’ అని రాసింది. టీచర్ ఎర్ర ఇంకుతో కొట్టేసి పైన ‘డు నాట్ నో’ అని రాశారు. అర మార్కు పోయింది. మా అత్తగారు రోజూ సాయంత్రం పిల్లతో పాత ఇంగ్లిష్ బైబిల్ చదివిస్తారు. సిలువ మీద ప్రభువు అన్న మాట అందులో ‘దే నో నాట్ వాట్ దే డూ’ అనే ఉంది. అది తప్పెలా అవుతుంది? తెలిసినవాళ్ళు చెప్పండి.

పాత_పంతులు
అమ్మా, నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో 31 ఏళ్ళు ఇంగ్లిష్ చెప్పాను. టీచర్ దిద్దింది సరైనదే. ఇప్పటి ఇంగ్లిష్‌లో ‘నాట్’ నేరుగా వెనకాల చేరేది బి, హ్యావ్, కెన్, విల్, మస్ట్ లాంటి కొన్నిటికే. నో, గో, ఈట్, రైట్ వంటి మామూలు క్రియలకైతే ముందు ‘డు’ తెచ్చుకోవాలి. ‘నాట్’ ఆ ‘డు’ వెనకాల నిలబడుతుంది. మీరు చెప్పే బైబిల్ 1611 నాటిది. అప్పటికి అది తప్పు కాదు. మీ అమ్మాయి ఉత్తరం రాసింది ఈ సంవత్సరం, ఈ కాలపు స్నేహితురాలికి. రేపు పబ్లిక్ పరీక్షలో దిద్దేవాళ్ళకు ఇంట్లో ఏ బైబిల్ చదువుతుందో తెలియదు కదా.

తాటివనం
మరి ‘ఐ హోప్ నాట్’ అంటాం కదండీ? హోప్ మామూలు క్రియే. అక్కడ ‘డు’ ఏదీ?

పాత_పంతులు
అక్కడ ‘నాట్’ హోప్‌ని కాదనడం లేదు. ‘వర్షం పడుతుందా?’ అని అడిగితే ‘ఐ హోప్ నాట్’ అంటాం. పడకూడదని ఆశిస్తున్నాను అని అర్థం. ‘పడకూడదు’ అనే వాక్యం మొత్తానికి బదులుగా ఆ ఒక్క ‘నాట్’ నిలబడింది. ఆశించడం లేదని చెప్పాలంటే ‘ఐ డు నాట్ హోప్’ అనే అనాలి.

రాతిగుట్ట
1961 జనవరి 20న అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణ స్వీకారం చేసిన రోజు కెన్నెడీ ‘ఆస్క్ నాట్’ (అడగకండి) అన్నాడు. దాన్ని మీరే పిల్లల చేత బట్టీ పట్టిస్తారు. పెద్ద మనిషి అంటే ఉపన్యాసం, ఎనిమిదో తరగతి పిల్ల రాస్తే తప్పు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది సార్?

పాత_పంతులు
బాబూ, అది ఉపన్యాసం. గంభీరంగా వినబడాలని కావాలనే పాత పద్ధతి తీసుకున్నాడు. మామూలు పద్ధతి తెలిసినవాడు దాన్ని దాటడం వేరు, తెలియకుండా రాయడం వేరు.

నెక్కార్_ఒడ్డున
స్టుట్‌గార్ట్ నుంచి రాస్తున్నాను. జర్మన్‌లో ఇవాళ్టికీ ‘ఇష్ వైస్ నిష్ట్’ అంటారు. మాట మాటకీ చూస్తే ‘ఐ నో నాట్’. రెండూ ఒకే కుదురు భాషలు, ఇంగ్లిషే దారి మార్చుకుంది. వెయ్యేళ్ళ కిందట ఇంగ్లిష్‌లో ‘నె’ అనే చిన్న ముక్క క్రియకు ముందు ఉండేది. అది పలకడంలో నీరసించాక, బలం కోసం వెనకాల ‘నాట్’ చేర్చారు. కొంతకాలం రెండూ ఉన్నాయి. తర్వాత ముందరి ‘నె’ రాలిపోయి ‘ఐ సే నాట్’ మిగిలింది. ఆ పైన ‘డు’ వచ్చి ‘నాట్’ని మళ్ళీ అసలు క్రియకు ముందుకు తెచ్చింది. డెన్మార్క్ పండితుడు ఒటో యెస్పర్సన్ 1917లో ఈ చక్రాన్ని వివరించాడు. ఇంకో విషయం. ‘డు’కి చాలాకాలం లొంగని క్రియలు కొన్ని ఉన్నాయని స్వీడన్ పరిశోధకుడు ఎలెగార్డ్ 1953లో చూపించాడు. నో, డౌట్, కేర్, ఫియర్ ఆ జాబితాలోవే. పాప రాసింది సరిగ్గా ఆ ‘నో’తోనే. తన చెవి మంచిదండీ.

వెన్నెల_అమ్మ
ఈ మాట మా అత్తగారికి చదివి వినిపిస్తాను. తెలుగు బైబిల్లో అదే చోట ‘వీరెరుగరు’ అని ఉంటుంది. తెలుగు పరీక్షలో పిల్ల ‘నేనెరుగను’ అని రాస్తే ఎవరైనా కొట్టేస్తారా? పాత మాటే కదా.

పాత_పంతులు
‘ఎరుగను’ మన పల్లెల్లో ఇంకా బతికే ఉందమ్మా. ‘ఐ నో నాట్’ లండన్ వీధిలో ఎవరూ అనరు. గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతా పోరాడింది దేనికి? బడిలో నేర్పేది వాడుక భాష కావాలనే. ఇంగ్లిష్ దగ్గరకొచ్చేసరికి మనమే గ్రాంథికం కావాలంటే ఎలా?

రాతిగుట్ట
గిడుగు వారు సవరల భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించిన మనిషి. పిల్ల నోటికి వచ్చిన మాటను కొట్టేయడానికి ఆయన పేరు వాడకండి.

తాటివనం
‘ఐ థింక్ నాట్’ కూడా హోప్ లాంటిదేనా?

రాతిగుట్ట
సార్, నన్ను బాబూ అనకండి, నాకు 43 ఏళ్ళు. టెన్త్ వరకు పాలమూరు జిల్లాలో తెలుగు మీడియం. 1998లో ఇంటర్‌కి విజయవాడలో ఒక కాలేజీ హాస్టల్లో చేర్చారు. దసరా సెలవులయ్యాక లెక్చరర్ లేపి, ఇంటికి వెళ్ళావా అని ఇంగ్లిష్‌లో అడిగారు. బస్సు చార్జీలు లేక వెళ్ళలేదు. ‘ఐ వెంట్ నాట్, సార్’ అన్నాను. క్లాసంతా నవ్వింది, ఆయన కూడా నవ్వారు. రెండేళ్ళు నా పేరు ‘వెంట్ నాట్’. మెస్ లైన్లో, బాత్రూమ్ దగ్గర, చివరికి హాల్ టికెట్లు పంచేటప్పుడు కూడా.
ఆ మాట నాకెలా వచ్చిందో ఇప్పుడు తెలుసు. ‘వెళ్ళలేదు’లో ముందు వెళ్ళడం, తర్వాత లేదు. ‘రాను’, ‘తెలియదు’, ‘వద్దనకు’ అన్నిట్లోనూ కాదనేది చివరే. నేను తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్ పలికాను. అది షేక్స్‌పియర్ నాటి ఇంగ్లిష్‌కు సరిపోయింది. ఇవాళ ఈ పాపకు బైబిల్ ఉంది కాబట్టి ‘చెవి మంచిది’ అన్నారు. నాకు బైబిల్ లేదు. అదే మాటకు నేను మొద్దునయ్యాను.

నెక్కార్_ఒడ్డున
నా మాట మిమ్మల్ని బాధపెట్టింది. క్షమించండి. అలా ఆలోచించలేదు.

పాత_పంతులు
మీకు జరిగింది అన్యాయం. కానీ ఆ కోపంతో నియమాన్నే వద్దంటే నష్టపోయేది ఎవరు? మీలాంటి పిల్లలే. పెద్దింటి పిల్ల తప్పు రాస్తే, వెన్నెల అమ్మగారిలా అడిగే తల్లి ఉంటుంది. మా బడి పిల్లల తండ్రులు సంతకం పెట్టడానికే వేలిముద్ర ప్యాడ్ అడిగేవారు. వాళ్ళకు ‘డు నాట్’ ఒక్కటే ఆసరా. అది ఖచ్చితంగా నేర్పితేనే ఇంటర్వ్యూలో ఎవరూ నవ్వరు.

వెన్నెల_అమ్మ
పెద్దింటి పిల్ల అనకండి మాస్టారూ. నేను అంగన్‌వాడీ టీచర్ని, మా ఆయన ఆటో నడుపుతారు. బైబిల్ కూడా మా అత్తగారికి మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసినప్పుడు ఇచ్చారు. నేనడిగింది అర మార్కు గురించి కాదు. మొదట్లో చెప్పలేకపోయాను. టీచర్ ఆ వాక్యం పైకి చదివి క్లాసులో అందర్నీ నవ్వించారట. వారమైంది, పిల్ల నాయనమ్మ పక్కన కూర్చోవడం లేదు. ‘నువ్వు తప్పు ఇంగ్లిష్ నేర్పావు’ అందట. ఆవిడ బైబిల్ తీసి బీరువాలో పెట్టేశారు.

రాతిగుట్ట
నా ప్రశ్న ఒక్కటే సార్. ‘ఐ వెంట్ నాట్’ అన్న రోజు నేను మీ క్లాసులో ఉండుంటే ఏం చేసేవారు?

పాత_పంతులు
రాత్రి సమాధానం రాసి చెరిపేశాను. ఇప్పుడు ఉన్నదున్నట్టు చెబుతాను. రిటైరయ్యే రోజుల్లోనైతే ‘డిడ్ నాట్ గో’ అని దిద్ది, ఎందుకు వెళ్ళలేదని అడిగేవాణ్ని. మొదటి పదేళ్ళలోనైతే నేనూ పైకి చదివేవాణ్ని. చదివాను కూడా. నవ్వితే గుర్తుంటుందని అనుకునేవాణ్ని. గుర్తుండేది నియమం కాదని చాలా ఆలస్యంగా అర్థమైంది.
అర మార్కు విషయంలో నా మాట మారదు. ఉత్తరంలో ‘డు నాట్ నో’ అనే రాయాలి.

రాతిగుట్ట
నా మాటా మారదు. పాప రాసింది తప్పు కాదు, పాతది. పక్కన ‘పాత పద్ధతి’ అని రాసి మార్కు వేయొచ్చు. కానీ మీరు చెప్పినందుకు నమస్కారం సార్. ఆ రోజు నన్ను ఎందుకు వెళ్ళలేదని ఎవరూ అడగలేదు.

వెన్నెల_అమ్మ
శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉంది. మార్కు గురించి అడగను. పైకి చదవడం గురించి అడుగుతాను. మాస్టారూ, నాలుగు వందల ఏళ్ళ కింద అది సరైన ఇంగ్లిషేనని మీ మాటల్లో రెండు వాక్యాలు రాసిస్తారా? టీచర్‌కి కాదు, మా అత్తగారికి.

పాత_పంతులు
రాస్తానమ్మా. తెలుగులోనే రాస్తాను, పిల్ల చేతే చదివించండి.