"ఉత్తరం రాయవేమి?" అని అచ్చేసిన పాత అమెరికా కార్డులు: చనువా, దబాయింపా?

కార్డుల పెట్టె: 1905–1910 నాటి అమెరికా తమాషా పోస్టుకార్డులు కొన్ని చూశాను. జవాబు రాయని స్నేహితుడిని దెప్పడమే వాటి పని. బొమ్మ ఒకరు గీశారు, మాట ఒకరు కట్టారు, పంపినవాడు రాసింది చిరునామా ఒక్కటే. తాను నాలుగు ముక్కలు రాయనివాడు అవతలివాడిని ఉత్తరం అడగడమా? దబాయింపే.

తపాలా అభిమాని: తేదీ చూడకుండా తీర్పు చెప్పకండి. 1907 మార్చి 1 వరకు అక్కడ కార్డు వెనుక చిరునామా తప్ప మరేమీ రాయకూడదు. ఏం చెప్పాలన్నా బొమ్మ అంచున ఇరికించాలి. అచ్చు వాక్యమే కబురు.

కార్డుల పెట్టె: ఆ తర్వాత రాసుకోవడానికి వెనుకవైపు సగం ఖాళీగా దొరికిందిగా! అప్పుడూ ఇవి అమ్ముడుపోయాయి. పైగా "తీరిక లేనివారి కార్డు" అని ఇంకొకటి: అచ్చేసిన మాటల పక్కన గుర్తు పెడితే ఉత్తరం అయిపోయినట్టే.

గోదావరి గట్టు: అసలు సంగతి మీరిద్దరూ వదిలేశారు. కార్డుకు కవరు ఉండదు. పోస్ట్‌మ్యాన్ మొదలు ఇంటిల్లిపాదీ చదువుతారు. అప్పట్లో అమలైన 1888 చట్టం ప్రకారం అమెరికాలో కార్డు మీద బెదిరింపులు, పరువు తీసే మాటలు రాయకూడదు. అప్పు కట్టమని గద్దించే కార్డులను దాని కిందే ఆపేవారు. ఉత్తరం బాకీకి ఆ బెడద లేదు! అదే నింద సొంత దస్తూరీలో రాస్తే తగవు. అచ్చులో, బొమ్మ పక్కన ఉంటే ఇద్దరూ నవ్వుకోవచ్చు. సొంత చేత్తో రాయకపోవడం బద్ధకం కాదు, మర్యాద.

కార్డుల పెట్టె: నలుగురూ చదివేలా నిలదీయడం మర్యాదా? బాగుంది.

పాత ఆల్బమ్: అందుకున్నవారు నొచ్చుకుంటే చించేసేవారు. దాచుకున్నారు కనుకే మనకు దొరుకుతున్నాయి.

కార్డుల పెట్టె: 1908 జూన్‌తో ముగిసిన ఏడాదిలో అమెరికా తపాలా 67 కోట్లకు పైగా కార్డులు మోసింది; జనాభా తొమ్మిది కోట్లు కూడా లేదు. ఆ పిచ్చిలో ఏ కార్డునైనా ఆల్బమ్‌లో పెట్టేవారు. దాచడం ప్రేమకు రుజువు కాదు.

జంటకార్డు: మన తపాలాలో జవాబు కార్డు ఉండేది. రెండు కార్డులు కలిసి వచ్చేవి. ఒకటి చించి తిరిగి పంపాలి, ఖర్చు అడిగినవాడిదే. అమెరికాలోనూ 1892 నుంచి అలాంటివి అమ్మారు. జవాబే కావాలనుకుంటే అది కొనేవారు. తమాషా కార్డు కొన్నవాడికి కావలసింది ఆటపట్టించడం.

తపాలా అభిమాని: జవాబు కార్డు మీద బొమ్మ ఉండదు కదండీ. స్నేహితుడికి అది పంపితే దరఖాస్తు ఫారం పంపినట్టు ఉంటుంది.