తమ్ముడు గంజాయి మానేశాడు, నిద్ర పట్టడం లేదు. ఎన్నాళ్లు ఇలా ఉంటుంది?

మా తమ్ముడికి 22 ఏళ్లు. 17వ ఏట సరదాగా మొదలుపెట్టిన గంజాయి, రెండేళ్లుగా రోజూ తప్పనిసరి అయిపోయింది. "ఇది ఆకే కదక్కా, అలవాటు పడదు" అనేవాడు. నేనూ నమ్మాను, అదే నా బాధ.

9 రోజుల క్రితం తనంతట తానే మానేశాడు. అప్పటి నుంచి రాత్రంతా మేలుకునే ఉంటున్నాడు, కాస్త కునుకు పడితే పీడకలలు. అన్నం సయించదు, చిన్న మాటకే కసురుకుంటాడు. మొదటి వారం ఇవన్నీ ఎక్కువగా ఉండి, తర్వాత మెల్లగా తగ్గుతాయని చదివాను. కానీ నిద్ర సంగతే చాలా టెన్షన్‌గా ఉంది.

మానేసినవాళ్లు ఉంటే చెప్పండి, మీకు మామూలు నిద్ర ఎప్పటికి వచ్చింది? మళ్లీ తాగాలనిపించినప్పుడు ఇంట్లోవాళ్లు ఏం చేస్తే మీకు సాయపడింది? సైకియాట్రిస్ట్ దగ్గరకు ఇప్పుడే తీసుకెళ్లాలా?