అప్‌డేట్: నల్లగొండ ఇంటి రిపేర్‌కి ఎంత పెట్టినమంటే

మొన్న అడిగిన గదా, రామగిరి కాడ మా నాయిన కట్టిన ఇల్లు కిరాయికియ్యాలె, లక్షన్నర పెట్టి మొత్తం కొత్తగ చేపియ్యాల్నా, సున్నమేసి ఇచ్చెయ్యాల్నా అని. జవాబిచ్చినోళ్లందరికీ చాలా థాంక్స్. ఆఖరికి 60 వేలల్ల అయిపోయింది. ముందుగాల స్లాబు చూపిచ్చినం, బాత్రూం మీద పగుల్లకెళ్లి నీళ్లు దిగి గోడ పెచ్చులు ఊడుతున్నయి, వేలు పెడితే పొడిపొడిగ రాలుతుంది, అది ఆపకుండ ఎంత మంచి పెయింటేసినా వానకాలం దాటదన్నడు మేస్త్రీ. నాక్కూడ అదే కరెక్టనిపిచ్చింది. అందుకే వాటర్‌ప్రూఫింగ్, వైరింగ్, నల్లాలు, వీటికే ఎక్కువ పెట్టినం. మాడ్యులర్ కిచెన్, ఫాల్స్ సీలింగ్ వద్దనుకున్నం, అవి పెడితే కిరాయి మహా అంటే వెయ్యి పెరుగుతది, ఇంకో 90 వేలు పెట్టి అవి తిరిగి రావాల్నంటే ఏడున్నరేండ్లు!

కిరాయి మీద ఇన్‌కం ట్యాక్స్ సంగతి గూడ అడిగిన గదా, రిపేర్ బిల్లులు విడిగ చూపియ్యనీకి లేదంట, ఇంటిపన్ను కట్టింది పోను మిగిలిన కిరాయిల 30 శాతం మీద ఎట్లయినా ట్యాక్స్ వెయ్యరు, మనం ఎంత ఖర్చు పెట్టినా అంతే.

8 వేలకు ఒక టీచర్ ఫ్యామిలీ మాట్లాడుకున్నరు, వచ్చే నెల దిగుతరు. వంటింట్ల కడప బండ సెల్ఫులు అడిగిండ్రు, అవి గూడ ఏపిస్తున్న.